హార్వెస్టెల్లాలో కథ గొప్పగా ఉంది, సేద్యం తేలిపోతోంది: చివరిదాకా ఆడవచ్చునా?

ప్రశ్న: ఆకుమడి (అమలాపురం దగ్గర)

అందరికీ నమస్కారం. స్క్వేర్ ఎనిక్స్ సంస్థ 2022 నవంబరులో నింటెండో స్విచ్‌కూ, పీసీకీ విడుదల చేసిన హార్వెస్టెల్లా అనే రోల్ ప్లేయింగ్ గేమును ఆడుతున్నాను. నెమియా పట్టణం కథ పూర్తయింది. ఈ గేమును చివరిదాకా ఆడినవారి సలహా కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

కథ నన్ను పూర్తిగా పట్టేసింది. నాలుగు రుతువులను నడిపించే సీస్‌లైట్ అనే నాలుగు మహాస్ఫటికాలు, రుతువుకూ రుతువుకూ మధ్య వచ్చిపడే క్వైటస్ అనే మృత్యుకాలం, ఆ వేళ తలుపులు బిగించుకుని లోపలే కూర్చునే జనం, బయట ప్రాణం తీసే ధూళిలో ఉండి కూడా చావని, గతం ఏదీ గుర్తులేని కథానాయకుడు: ఇంత బలమైన ఎత్తుగడతో మొదలైన గేము ఈ మధ్య నాకు తగలలేదు. ఆ తరువాత, తాను భవిష్యత్తు నుంచి వచ్చానని చెప్పే ఆరియా ప్రవేశించడంతో, పల్లెటూరి కథ అనుకున్నది మరో దారి పట్టబోతోందని అర్థమై ఇంకా ఆసక్తి పెరిగింది.

అయితే నేను ఈ గేమును కొన్నది సేద్యం కోసం. మాది వరి పండించే ఇల్లు. నాన్నగారు సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ వేస్తారు. తెరమీద పొలం కనిపిస్తే, అందులో పని ఎలా చూపించారన్నదే నేను ముందుగా గమనిస్తాను. లేథే గ్రామంలో మనకు ఇచ్చిన పొలంలో గుద్దలితో గడి తవ్వి, విత్తనం వేసి, నీళ్లు పోసి, కొన్ని రోజులకు కోసి, ఇంటి ముందున్న పెట్టెలో వేసి పడుకుంటే తెల్లవారేసరికి డబ్బు చేతికి వస్తుంది. చీడ గురించి గానీ, తెగులు గురించి గానీ ఆలోచించవలసిన అవసరం ఇంతవరకు రాలేదు. నిన్న చేసిన పనికీ ఈరోజు చేసిన పనికీ తేడా కనిపించడం లేదు.

ముందుకు వెళ్లిన కొద్దీ సేద్యం ఏమైనా చిక్కబడుతుందా? లేకపోతే దాన్ని పక్కన పెట్టి కథ కోసమే ఆడమంటారా? వరి సేద్యాన్ని నిజంగా పట్టించుకున్న గేము కావాలంటే సకునా: ఆఫ్ రైస్ అండ్ రూయిన్ ఆడమని ఒక మిత్రుడు చెప్పాడు. రెండూ ఆడినవారు ఉంటే దయచేసి వివరంగా చెప్పండి. కథలోని మలుపులు మాత్రం బయటపెట్టవద్దని మనవి.

సమాధానం: లాకుగట్టు (తణుకు)

ఆకుమడి గారూ, రెండింటినీ పూర్తిచేశాను కాబట్టి చెబుతున్నాను. హార్వెస్టెల్లాలో సేద్యం విస్తరిస్తుందే తప్ప చిక్కబడదు. ఫెయిరీలు అడిగిన పనులు తీర్చిన కొద్దీ ఒక్క ఊపులో ఎక్కువ గళ్లు తవ్వడం, ఎక్కువ గళ్లకు నీరు పోయడం అలవడతాయి. నీటి ఒడ్డున ఒకటి, గుహలో ఒకటి చొప్పున కొత్త పొలాలు తెరుచుకుంటాయి. పశువులను, పక్షులను పెంచుకోవచ్చు, పండినదాన్ని సరుకుగా మార్చే యంత్రాలు పెట్టుకోవచ్చు. ఇవన్నీ పనిని తొందరగా ముగించడానికి ఉపయోగపడేవే. పనిలో ఆలోచన పెంచేది వీటిలో ఒక్కటీ లేదు.

దీనికి చాలామంది చెప్పే కారణం సేద్యం మరీ సులువుగా ఉందని. నా దృష్టిలో అది అసలు కారణం కాదు. 2016లో ఎరిక్ బారోన్ ఒక్కడే తయారుచేసి విడుదల చేసిన స్టార్‌డ్యూ వ్యాలీలోనూ సేద్యం సులువే. అందులో వరి కూడా ఉంది: మామూలుగా నాటితే 8 రోజుల్లోనూ, నీటి ఒడ్డున నాటితే 6 రోజుల్లోనూ చేతికి వస్తుంది. వరి గురించి ఆ గేము చెప్పేది ఇంతే. అయినా ఆ ఒక్క చిన్న తేడా వలన చెరువు ఒడ్డున ఏ గడి ఖాళీగా ఉందా అని ఆలోచిస్తాం. సులువైన సేద్యం కూడా మనసును పట్టి ఉంచగలదు.

హార్వెస్టెల్లాలో లోటు ఎక్కడుందంటే, కథ దేనిని చూసి భయపడమంటోందో పొలం దానిని చూసి భయపడదు. క్వైటస్ వస్తే చేలో ఉన్న పంట అంతా చచ్చిపోతుంది. కథ మొత్తం దీని మీదే నిలబడి ఉంది. కానీ అది ఏ రోజున వస్తుందో క్యాలెండర్‌లో ముందే తెలుసు. రుతువు ఆఖరుకు చేతికి రాని విత్తనం వేయడం మానేసి, ముందురోజు ఉన్నది కోసేసుకుంటే మనకు నష్టమేమీ లేదు. ఊరంతా వణికే రోజు మనకు విశ్రాంతి దినం అయిపోతుంది.

మన దగ్గర సార్వా కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో పడతాయి. బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచేది కూడా ఆ రోజుల్లోనే. 1996 నవంబరు 6న కోనసీమను దెబ్బతీసిన తుపాను గురించి మీ ఇంట్లో పెద్దలు చెప్పే ఉంటారు. వాయుగుండం కబురు రాగానే ప్రతి రైతూ ఒక నిర్ణయం తీసుకోవాలి: గింజ ఇంకా పూర్తిగా పండకముందే కోయించడమా, రెండు రోజులు ఆగడమా, కోసి పనల మీద ఉన్నదాన్ని తడిగానే కుప్ప వేయడమా. పన తడిస్తే గింజ మొలకెత్తుతుంది, రంగు మారుతుంది, తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ వస్తుంది. కోసినా భయమే, ఆగినా భయమే. క్వైటస్ రెండు మూడు రోజులు అటో ఇటో వచ్చేలా పెట్టి ఉంటే, ఆకాశంలో ఏదో ఒక గుర్తును చూసి మనమే అంచనా వేసుకోవలసి వచ్చేలా చేసి ఉంటే, అదే గుద్దలి, అదే నీళ్ల డబ్బాతో ఈ సేద్యం పూర్తిగా వేరే అనుభవమై ఉండేది. వేసిన విత్తనం గురించి మనం బెంగపడేవాళ్లం, అప్పుడు లేథే జనం బెంగ మనకు అర్థమయ్యేది.

మరొకటి కూడా గమనించాను. ఒక రుతువు మొత్తం పొలాన్ని బీడు పెట్టి ఆడాను. కథలో ఎవరూ దాని మాట ఎత్తలేదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటిస్తే అది రాష్ట్రమంతటా చర్చ అయింది. పండించేవాడు చేయి దించితే లోకానికి తెలియాలి. ఇక్కడ మన పొలం కథకు ఎక్కడా తగలదు.

ఇంత చెప్పాక కూడా, కథ కోసం ఈ గేమును తప్పక పూర్తిచేయమనే చెబుతాను. ఫాంటసీగా మొదలై సైన్స్ ఫిక్షన్‌లోకి మళ్లే తీరు అతికించినట్లు ఉండదు. మొదట్లో మామూలుగా విన్న మాటలు తరువాత వేరే అర్థంతో తిరిగి వస్తాయి. సహచరులు ఒక్కొక్కరికీ విడిగా కథలున్నాయి. వాటిని దాటవేయకండి. పట్టణాల్లో వచ్చే చిన్న కథలు కూడా చాలావరకు చావు, ఎడబాటు, మిగిలినవారు ఎలా బతకాలి అన్నవాటి చుట్టూనే తిరుగుతాయి, వాటిని రాసినవారు ఎంతో శ్రద్ధగా రాశారు. గాడ్ ఈటర్ గేములకు సంగీతం కూర్చిన గో షీనా దీనికి కూడా స్వరాలు ఇచ్చారు. పట్టణానికో రకంగా ఉండే ఆ సంగీతం వినడానికే నేను ఊళ్లలో తిరిగిన సందర్భాలున్నాయి. పొలం పని పొద్దున్నే ముగించి, రోజంతా కథకు ఇవ్వండి.

సమాధానం: పనలకుప్ప (పెనుగొండ)

సకునా గురించి అడిగారు కనుక ఆ భాగం నేను చెబుతాను. ఎడెల్‌వైస్ అనే చిన్న బృందం తయారుచేసిన ఈ గేము 2020 నవంబరులో వచ్చింది. దేవతల లోకంలో అల్లారుముద్దుగా పెరిగిన సకునా, నైవేద్యంగా పెట్టవలసిన బియ్యం తన వల్ల నాశనం కావడంతో, కొందరు మనుషులతో కలిసి రాక్షసులున్న దీవికి వెళ్లవలసి వస్తుంది. అక్కడ వాళ్లు బతకాలంటే వరి పండించాలి. ఎంత మంచి వరి పండితే సకునాకు అంత బలం వస్తుంది. పోరాటంలో గెలుపు పొలం మీద ఆధారపడి ఉంటుంది కనుక, లాకుగట్టు గారు చెప్పిన ఎడం ఇందులో లేదు.

ఇక పని విషయానికి వస్తే, నాకు ఈ గేము మీద గౌరవం కలిగించింది ఊడ్పుల ఘట్టం. నారు చేత పట్టుకుని, ఒక్కొక్క మొక్క నాటుతూ సకునా వెనక్కి నడుస్తుంది. మన ఆడవాళ్లు దమ్ము చేసిన మడిలో చేసేదీ ఇదే. వెనక్కి నడిస్తేనే నాటిన మొక్క కాలికింద పడదు. గేములో మొదటి ఏడాది నాటితే వరస వంకరపోతుంది, ఒకచోట దగ్గరగా, ఒకచోట ఎడంగా పడుతుంది, దాని ఫలితం పంటలో తెలుస్తుంది. ఏళ్లు గడిచిన కొద్దీ సకునాకు చేయి తిరిగి పని వేగం అందుకుంటుంది. మొదటిసారి ఊడ్పులకు దిగిన పిల్లకూ, పదేళ్లుగా నాటుతున్న పెద్దమ్మకూ ఉండే తేడాను నేను ఏ గేములోనూ ఇలా చూడలేదు.

నీటి సంగతీ అంతే. మడికి నీరు పెట్టే తూము, తీసే తూము వేరువేరుగా ఉంటాయి. నాటిన కొత్తలో ఎంత నీరు ఉంచాలి, పిలకలు వేసే దశలో ఎప్పుడు తగ్గించాలి, ఈనిక వేళ ఎంత ఉండాలి, కోతకు ముందు ఎప్పుడు తీసేయాలి అన్నది మనమే చూసుకోవాలి. ఎరువును మనమే కలుపుకోవాలి, కలుపు మనమే పీకాలి. కోసిన తరువాత పనలను దండేల మీద ఆరవేయాలి, నూర్చాలి, దంచాలి. ఎంతవరకు దంచాలో కూడా మన ఇష్టమే: దంపుడు బియ్యంగా ఉంచుకోవచ్చు, తెల్లగా చేసుకోవచ్చు. గేము వచ్చిన కొత్తలో జపాన్‌లో ఆటగాళ్లు సలహాల కోసం తమ వ్యవసాయ శాఖ వెబ్‌సైటును చూశారని వార్తలు వచ్చాయి. ఆడితే అందులో ఆశ్చర్యమేమీ లేదనిపిస్తుంది.

ఇందులో ఒక్కో రుతువు 3 రోజులే. అంటే ఏడాది 12 రోజుల్లో తిరిగిపోతుంది. మన మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకానికి సుమారు 150 రోజులు పడుతుంది, దాళ్వాలో వేసే 1010 రకానికి సుమారు 120 రోజులు పడుతుంది. గేము అన్న తరువాత కాలాన్ని కుదించక తప్పదు. కానీ సకునా చేసినవారు రోజులను కుదించారే గాని పనిలోని మెట్లను తీసేయలేదు. హార్వెస్టెల్లా చేసినవారు మెట్లనే తీసేశారు. రెండింటి మధ్య తేడా ఇదేనని నా అభిప్రాయం.

డెల్టాలో పుట్టినవాడిగా ఒక లోటు మాత్రం చెప్పాలి. సకునా తూము సకునాదే. పైన ఎవరూ లేరు, కింద ఎవరూ లేరు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టించినప్పటి నుంచి మన సేద్యమంతా పదిమంది పంచుకునే నీటి మీద నడుస్తోంది. దాళ్వాలో వంతు వచ్చిన రోజున రాత్రి బ్యాటరీ లైటు పట్టుకుని బోదె వెంట నడిచేవాడికి, ఎగువ మడి నిండితే గాని తన మడికి నీరు రాదు. శివారు భూముల రైతుకు తన పని ఎంత బాగా తెలిసినా సరిపోదు, ఎగువ రైతుతో మాట మంచిగా ఉండాలి, లాకుల దగ్గర అడగడం తెలియాలి. నీటి కోసం ఇరుగుపొరుగుతో మాట్లాడవలసి వచ్చే గేము ఎవరైనా చేస్తే, అందులో కథకు కథ, సేద్యానికి సేద్యం ఒక్కచోటే దొరుకుతాయి. కౌలు రైతు సంగతి కూడా ఈ గేముల్లో ఎక్కడా రాదు. అందరికీ మొదటి రోజునే సొంత పొలం దొరుకుతుంది.

సమాధానం: ఏటిగట్టు (రావులపాలెం)

ఇద్దరి మాటలూ శ్రద్ధగా చదివాను. లాకుగట్టు గారితో ఒక విషయంలో ఏకీభవించలేకపోతున్నాను. హార్వెస్టెల్లాలో పొలం కథకు తగలదన్నారు. కథకు తగలకపోవచ్చు గాని, ఆట నడకకు తగులుతుంది. పోరాటంలో దెబ్బ తింటే కోలుకోవడానికి మనకు ఉన్న ప్రధానమైన ఆధారం మనం వండుకున్న తిండి. ఇంటికి వంటగది ఏర్పాటు చేసుకున్నాక, చేలో పండిన కూరగాయలు, ధాన్యం వంటకాలై మన సంచిలోకి వస్తాయి. కడుపు నిండినంతసేపు ఒంట్లో సత్తువ తిరిగి వస్తూ ఉంటుంది, నిండిన తరువాత ఇంకా తినలేం. కనుక ఒక గుహలోకి దిగేముందు ఏ వంటకం ఎన్ని తీసుకువెళ్లాలి, దానికి ఈ రుతువులో ఏమి వేయాలి అన్న ఆలోచన తప్పకుండా వస్తుంది. మొదటి అధ్యాయాల్లో డబ్బు ఎంత కటకటగా ఉంటుందో ఆడినవారికి తెలుసు. ఆ దశలో పొలం బీడు పెట్టి ఎవరూ ముందుకు వెళ్లలేరు.

అందువల్ల సేద్యాన్ని పలచగా ఉంచడం తెలిసి చేసిన పనేనని నేను అనుకుంటున్నాను. గేములో రోజు చాలా చిన్నది, సాయంత్రం దాటితే ఒంట్లో ఓపిక తగ్గుతుంది. ఆ రోజులోనే పొలం చూసుకోవాలి, వండాలి, ఊరి వాళ్లతో మాట్లాడాలి, గుహలోకి వెళ్లి రావాలి. సకునాలో లాగా నీటి లోతు కూడా చూసుకోమంటే కథ ముందుకు కదలదు. 2006లో మొదలైన రూన్ ఫ్యాక్టరీ వరసలోనూ ఇదే చిక్కు ఉంది. వాళ్లు మచ్చిక చేసుకున్న జంతువుల చేత పొలం పని చేయించి దాన్ని తప్పించుకున్నారు.

క్వైటస్ గురించి చెప్పిన మాట మాత్రం సరైనదే. తేదీ ముందే తెలియకుండా ఉండాల్సింది.

సమాధానం: లాకుగట్టు (తణుకు)

ఏటిగట్టు గారూ, తిండి విషయంలో మీరు చెప్పినది నిజం. నేను పొలం బీడు పెట్టింది ఆట చివరి భాగంలో, చేతిలో డబ్బు సమృద్ధిగా ఉన్నప్పుడు. మొదట్లో అలా చేయడం కుదరదన్నది ఆకుమడి గారు గుర్తుంచుకోవాలి. అయినా నా అభ్యంతరం అలాగే ఉంది. పొలం మన సంచిని నింపుతోంది, సరే. లేథేలో ఉన్నవాళ్ల కంచాల్లోకి అది ఎప్పుడు వెళ్తుంది? సకునాలో రోజు ముగిసేసరికి అందరూ ఒకచోట కూర్చుని అన్నం తింటూ మాట్లాడుకుంటారు. ఆ వేళ బియ్యం తక్కువైతే కంచం చూస్తేనే తెలుస్తుంది, కథలోని మనుషులు దగ్గరయ్యేది కూడా అక్కడే. హార్వెస్టెల్లాలో అంత చక్కగా మలిచిన మనుషులున్నారు, వాళ్ల ముందు మనం పండించిన దానితో ఒక పూట వడ్డించే అవకాశం కథ మధ్యలో ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో చూడండి.

సమాధానం: ఆకుమడి (అమలాపురం దగ్గర)

అందరికీ ధన్యవాదాలు. హార్వెస్టెల్లాను కథ కోసం పూర్తిచేస్తాను, పొలంలో వంటకు కావలసినవే వేస్తాను. సకునా కూడా తీసుకుంటాను. పనలకుప్ప గారూ, ఒక సందేహం. నాన్నగారికి ఊడ్పుల సంగతి చెబితే తాను కూడా చూస్తానన్నారు. విత్తనం దగ్గర నుంచే చూపించారా, లేక నేరుగా నారుతో మొదలవుతుందా?

సమాధానం: పనలకుప్ప (పెనుగొండ)

విత్తనం దగ్గర నుంచే ఉంటుందండి. ఉప్పు కలిపిన నీళ్లలో విత్తనం పోసి, తేలిన తాలు గింజలు తీసేసి, అడుగుకు దిగిన గట్టి గింజలనే వాడుకోమని మనకు వ్యవసాయాధికారులు చెప్పే పద్ధతి గేములోనూ ఉంది. ఎంత గట్టిగా ఏరితే విత్తనం అంత తగ్గుతుంది, మిగిలినది అంత మేలుగా ఉంటుంది. ఎక్కడ ఆపాలన్నది ఆడేవారి నిర్ణయం. ఆ పని మీరు చేయకుండా నాన్నగారి చేతికే ఇవ్వండి. ఊడ్పులు కూడా మొదటి ఏడాది మీరే నాటండి, తరువాత కావాలంటే పొలం పనులు కొన్ని తోటివాళ్లకు అప్పగించవచ్చు. పోరాటాలు పక్కనుంచి చూసేవారికి కాస్త విసుగు పుట్టించవచ్చు గనుక, ఆయన కూర్చున్నప్పుడు పొలం పనులు మిగిల్చి పెట్టుకోండి.